తప్పు లెఫ్ట్ బ్యాక్ పాపదేనా?

ప్రశ్న: సార్, నేను అల్వాల్‌లో ఒక స్కూల్లో పీఈటీని. ఏడాదిగా అండర్-14 అమ్మాయిలకు హాకీ నేర్పిస్తున్నాను. కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్ ఆడాను, డిఫెన్స్ సంగతి పెద్దగా తెలియదు. మా స్కూల్ గ్రౌండ్ మట్టిది. పోయిన నెల గచ్చిబౌలిలో టర్ఫ్ మీద మ్యాచ్ ఆడి 5-0తో ఓడిపోయాం. అందులో నాలుగు గోల్స్ మా లెఫ్ట్ సైడ్ నుంచే పడ్డాయి. మా లెఫ్ట్ బ్యాక్ పాప బంతి కనపడగానే ఎగబడి స్టిక్ వేస్తుంది, అవతలి అమ్మాయి పక్క నుంచి వెళ్లిపోతుంది. ‘ఎగబడకు, చానల్ చెయ్యి’ (అంటే ఒక పక్కకి మళ్లించు) అని చెప్పాక ఇప్పుడు స్టిక్ వేయడమే మానేసి, గోల్ ముందున్న వంపు గీత, డీ దాకా వెనక్కి నడుచుకుంటూ పోతోంది. పైగా డిఫెండర్ ఎప్పుడూ ప్రత్యర్థిని తన ఫోర్‌హ్యాండ్ (కుడి) వైపుకే పంపాలని వీడియోల్లో చెప్తున్నారు. లెఫ్ట్ బ్యాక్ అలా చేస్తే ప్రత్యర్థిని నేరుగా గోల్ వైపుకి పంపినట్టు కాదా? పాప టెన్షన్‌తో ఏడుస్తోంది. ‘మా అమ్మాయిని ఫార్వర్డ్‌లో పెట్టండి, లేకపోతే మానిపించేస్తాను’ అని వాళ్ల నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

— ఒక పీఈటీ, అల్వాల్

సమాధానం: అమ్మా, ముందు ఆ పాపను అక్కడి నుంచి కదపకండి. కనీసం రెండు నెలలు. ఇప్పుడు మారిస్తే తనకు ఆట రాదు కాబట్టి తీసేశారనే గుర్తు ఒక్కటే మిగులుతుంది. కొత్తగా వచ్చే లెఫ్ట్ బ్యాక్ కూడా అవే నాలుగు గోల్స్ ఇస్తుంది, ఎందుకంటే కష్టం ఆ పాపలో లేదు, ఆ చోటులో ఉంది.

మీరు ఫార్వర్డ్ ఆడారు కాబట్టి ఇది మీకు చేతికి తెలిసిన విషయమే. హాకీ స్టిక్‌కి ఒకవైపే చదును. ఎడమచేతి వాటం వాళ్లకి వేరే స్టిక్ లేదు. అందరూ కుడివైపు బలంగా, ఎడమవైపు స్టిక్ తిప్పి, రివర్స్‌లో, బలహీనంగా ఆడాల్సిందే. ఇప్పుడు మీ లెఫ్ట్ బ్యాక్ ఎదురుగా వాళ్ల రైట్ అవుట్, అంటే కుడి అంచున ఆడే ఫార్వర్డ్, వస్తోందనుకోండి. ఆ అమ్మాయి బంతిని తన కుడివైపు, చదునుకి అంటించుకుని పరుగెత్తుతుంది. ఎదురెదురుగా నిలబడితే ఆమె కుడి అంటే మన పాపకు ఎడమ. ఆమె బలం, మన బలహీనత, రెండూ ఒకే పక్కకి పడ్డాయి. ఆ పక్కనే సైడ్ లైన్ వెంబడి ఖాళీ కూడా ఉంటుంది. మీ రైట్ బ్యాక్‌కి ఈ బాధే లేదు. ఆమె ప్రత్యర్థిని బయటికి పంపితే అది తన ఫోర్‌హ్యాండ్ వైపే అవుతుంది, ఒకే అడుగుతో రెండు పనులు. అందుకే పిల్లల టీముల్లో రైట్ బ్యాక్ ఎప్పుడూ మంచి ప్లేయర్‌లా, లెఫ్ట్ బ్యాక్ ఎప్పుడూ తప్పు చేసే పిల్లలా కనిపిస్తారు. మన హైదరాబాద్ వాడే, 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడిన ఫార్వర్డ్ ముకేశ్ కుమార్ లాంటి వాడు బంతితో వస్తుంటే అనుభవం ఉన్న బ్యాక్‌లకే కాళ్లు తడబడేవి. పదమూడేళ్ల పిల్లను ఏమంటాం?

రెండో కారణం మీ మట్టి గ్రౌండ్. దీని గురించి మన దగ్గర కోచ్‌లు ఎక్కువగా మాట్లాడరు గానీ, నా లెక్కలో సగం రోగం ఇక్కడే ఉంది. మట్టి మీద, అందులోనూ కంకర తేలిన మట్టి మీద, బంతి ఎగురుతుంది, పక్కకి జారుతుంది. పరుగెత్తే పిల్ల చేతిలో బంతి మూడు అడుగులకోసారి స్టిక్ వదిలి బయటికొస్తుంది. అలాంటి చోట ఎగబడ్డ డిఫెండర్‌కి పదిసార్లలో ఆరుసార్లు బంతి దొరుకుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఆ పిల్లకి ‘డిఫెన్స్ అంటే ఎగబడటం’ అని ఒంటికి పట్టేస్తుంది. అదే పిల్లను నీళ్లు చల్లిన టర్ఫ్ మీదికి తీసుకెళ్తే బంతి స్టిక్‌కి అతుక్కున్నట్టు వస్తుంది, వేగం రెట్టింపు అనిపిస్తుంది. అదే జాబ్ (స్టిక్‌తో బంతిని పొడవడం), అదే క్షణంలో వేస్తుంది, గాలి తగులుతుంది. ఆ రోజు మీ పాప కొత్తగా తప్పేమీ చేయలేదు. ఇంట్లో పనికొచ్చిన అలవాటు ఊరు మారగానే పనికి రాకుండా పోయింది, అంతే.

ఇక చానలింగ్. వీడియోల్లో ఈ మాట విని పిల్లలకి అలాగే చెప్తాం, వాళ్లకి ‘వెనక్కి వెళ్లు’ అని అర్థమవుతుంది. మీ పాప చేస్తున్నది అదే. నేనైతే కోడి సంగతి అడుగుతాను. పల్లెలో అమ్మమ్మ ఇంటికి వెళ్లిన పిల్ల టీమ్‌లో ఒక్కతైనా ఉంటుంది. సాయంత్రం కోడిని గంప కింద పెట్టాలంటే మీద పడి పట్టుకుంటారా? పడితే అది రెక్కలు కొట్టుకుంటూ కాళ్ల సందులోంచి పోతుంది. రెండు చేతులూ చాచి, ఒక పక్క మూసి, గోడ మూలకి తోలతారు. ఊరికే నిలబడితే కోడి కదలదు, ఊరికే వెనక్కి నడిస్తే కోడి మీ వెంట రాదు. ఒక దారి మూసి ఇంకో దారి చూపిస్తే అది తనంతట తానే మూలకి పోతుంది. మూలకి పోయాకే వంగుతారు. ఇదే చెప్పండి. మా గ్రౌండ్‌లో మేం ‘చానల్’ అనే మాటే మానేసి ‘తోలు’ అనేవాళ్లం. పట్నం పిల్లలు నవ్వేవాళ్లు, కానీ మరిచిపోలేదు.

తోలడంలో డిఫెండర్ చేసే పని బంతి తీసుకోవడం కాదు. ఎదురుగా వచ్చే పిల్లకి ఉన్న రెండు దారుల్లో ఒకటి లాగేసుకోవడం, దాంతో పాటు కొంత టైమ్ లాగేసుకోవడం. ఆ మూడు నాలుగు సెకన్లలో మధ్యలో ఆడే మన సెంటర్ హాఫ్ వెనక్కి వచ్చేస్తుంది. అది చాలు.

ఒంటి సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఇక్కడ తొందర పడితే తర్వాతవన్నీ వృథా.

మొదటిది దగ్గరికి వెళ్లడం. బంతి రైట్ అవుట్‌కి వెళ్తున్నంతసేపు మీ పాప పరుగెత్తాలి. బంతి ఆమె స్టిక్‌కి తగిలాక ఆగాలి. పిల్లలు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. బంతి వెళ్తున్నంతసేపు చూస్తూ నిలబడి, ఆమె అందుకున్నాక పరుగు మొదలు పెడతారు. ఎదురుగా వచ్చే వేగానికి మన పరుగు వేగం కలిసిందంటే మనల్ని దాటడానికి ఆమెకి ఒక్క డాడ్జ్ చాలు. నాలుగైదు అడుగుల దూరంలో వేగం తగ్గించి, మోకాళ్లు వంచి, స్టిక్ నేలకి ఆనించి, చిన్న అడుగులతో ఆమె వేగంలోనే వెనక్కి జరగాలి. మధ్యలో ఒకటిన్నర స్టిక్ దూరం ఉంటే బాగు. అంతకంటే దగ్గరైతే దాటేస్తుంది, అంతకంటే దూరమైతే తల ఎత్తి పాస్ చూసుకుంటుంది. ఆమె తల కిందికే ఉండాలి. దానికోసమే జాబ్ ఉంది. ఎడమచేత్తో స్టిక్‌ని పాములా ముందుకి పంపి వెంటనే వెనక్కి లాగేయాలి. బంతి దొరికితే మంచిదే, దొరక్కపోయినా ఆమె కళ్లు బంతి మీదికి దిగుతాయి. ఎప్పుడూ నిజం జాబే వేయాలని లేదు, మూడింటిలో రెండు ఉత్తివి వేయమనండి. పిల్లలకి ఈ దొంగాట చాలా నచ్చుతుంది.

రెండోది నిలబడే చోటు. ఇక్కడ వీడియోల్లో భుజాలు, కోణాలు అంటూ చాలా చెప్తారు. నేను పిల్లలకి పాదాలతోనే చెప్తాను. బంతి నీ కుడి పాదానికి ఎదురుగా ఉందంటే నీ ఒళ్లంతా నీకు ఎడమ పక్క దారి మూసింది, ఆమె నీ కుడివైపు, అంటే నీ ఫోర్‌హ్యాండ్ వైపుకి రావాల్సిందే. అప్పుడు ఎడమ పాదం ముందుకి పెట్టి కొంచెం పక్కకి తిరిగి నిలబడు. బంతి నీ ఎడమ పాదానికి ఎదురుగా ఉందంటే లెక్క తిరగబడింది, ఆమెకి సైడ్ లైన్ చూపిస్తున్నావు. అప్పుడు కుడి పాదం ముందుకి. రెండు పాదాలూ సమానంగా పెట్టి ఎదురుగా నిలబడితే రెండు దారులూ తెరిచినట్టే, పైగా రెండు కాళ్ల మధ్య నుంచి బంతి తోసేస్తుంది. లేదా కాలికి కొట్టి ఫుట్ ఫౌల్ అడుగుతుంది. డీలో మన కాలికి తగిలితే షార్ట్ కార్నర్, అంటే వాళ్లకి గోల్ కొట్టే పెద్ద అవకాశం, అని మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ అసలు ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. లెఫ్ట్ బ్యాక్ ఎటు తోలాలి? ఫోర్‌హ్యాండ్ వైపుకి తోలితే గోల్ వైపు పంపినట్టు కాదా అన్నారు. అవును, పంపినట్టే. కానీ అక్కడ ఎవరున్నారన్నదే ప్రశ్న. మీ సెంటర్ హాఫో, రెండో బ్యాకో లోపల కాచుకుని ఉంటే, ఆమెను లోపలికే రానివ్వండి. అటు వచ్చేటప్పుడు ఆమె బంతిని తన ఎడమకి లాగాలి, అంటే తన బలహీనత వైపు. మన పాప చదును సిద్ధంగా ఉంటుంది, వెనక ఇంకో స్టిక్ ఉంటుంది. మైదానం మధ్య ప్రాంతంలో, గోల్‌కి దూరంగా, నాకు ఇదే ఇష్టం. లోపల ఎవరూ లేకపోతే మాత్రం ఆ దారి మూసేసి సైడ్ లైన్ చూపించాలి. ఇక మన బ్యాక్ లైన్ నుంచి 23 మీటర్ల దూరంలో ఉండే గీత లోపలికి వచ్చాక చర్చే లేదు, సైడ్ లైన్ వైపే. అక్కడ లోపలికి వదిలితే ఆమె డీ ముందు గోల్‌కి కొట్టడానికి స్టిక్ ఎత్తుతుంది. దీని మీద వేరే కోచ్‌లు వేరేలా చెప్తారు. ఎక్కడున్నా ఫోర్‌హ్యాండే అనేవాళ్లున్నారు, ఎక్కడున్నా బయటికే అనేవాళ్లున్నారు. పెద్దవాళ్ల టీమ్‌కి ఒకే నియమం సరిపోవచ్చు. అండర్-14లో కవర్ (వెనక కాచుకునే ఇంకో పిల్ల) ఉందా లేదా అన్నదే నియమంగా పెట్టుకోండి.

సైడ్ లైన్ వైపు తోలితే మన పాపకి అది రివర్స్ వైపు కదా అని మీకు అనుమానం వస్తుంది. ఎదురుగా నిలబడ్డంతసేపే అది రివర్స్ వైపు. ఒకసారి తిరిగి, ఆమెతో పాటు మన గోల్ వైపు పరుగెత్తడం మొదలుపెట్టగానే సైడ్ లైన్ మన పాపకి కుడిచేతి పక్కకి వస్తుంది. గ్రౌండ్‌లో నడిచి చూడండి, తెలుస్తుంది. అంటే చదును మళ్లీ ఆమె వైపే ఉంది. చిక్కల్లా బంతి ఆమె ఒంటికి అవతలి పక్కన దాగి ఉండటమే. పక్క నుంచి స్టిక్ వేస్తే ఆమె కాళ్లకో, స్టిక్‌కో తగిలి ఫౌల్. 23 మీటర్ల లోపల ఆ ఫౌల్ కావాలని చేసిందని అంపైర్‌కి అనిపిస్తే షార్ట్ కార్నరే, పైన కార్డు కూడా రావచ్చు. గ్రీన్ కార్డు వస్తే రెండు నిమిషాలు పది మందితో ఆడాలి. కాబట్టి స్టిక్ వేయకూడదు. అర అడుగు ముందుకి వెళ్లేదాకా పరుగెత్తడమే. ముందుకి వెళ్లాక ఆమె దారికి అడ్డంగా స్టిక్ పరవాలి. ముందుకి వెళ్లలేకపోయినా కంగారు లేదు, లోపలి దారి మూసి పరుగెత్తుతున్నంతసేపు ఆమె వెళ్లేది బ్యాక్ లైన్ వైపు, మూలకి. అక్కడ ఆమె ఆగుతుంది. ఆగిన క్షణం మనది.

తిరిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. సైడ్ లైన్ వైపు ముఖం పెట్టి, ఎడమ భుజం మీదుగా తిరగాలి. అప్పుడు బంతి ఒక్క క్షణం కూడా కంటికి దూరం కాదు. మైదానం మధ్య వైపు తిరిగిందంటే వీపు బంతికి ఇచ్చినట్టే, మళ్లీ చూసేసరికి ఆ పిల్ల మూడు గజాలు ముందుంటుంది. మీ నాలుగు గోల్స్‌లో రెండైనా ఇలాంటివే అయి ఉంటాయని నా అనుమానం. ఆ మ్యాచ్‌ని ఎవరైనా తల్లిదండ్రులు ఫోన్‌లో తీసి ఉంటే చూడండి.

డీ దాకా వెనక్కి నడుస్తోందన్నారు. దానికి ఒక హద్దు కావాలి. గోల్‌కి ఎదురుగా చూస్తే 23 మీటర్ల గీతకీ డీ అంచుకీ మధ్య సుమారు 8 మీటర్లు ఉంటుంది. వెనక్కి జరగడం ఆ 8 మీటర్లలో ఎక్కడో ఆగిపోవాలి. మీ మట్టి గ్రౌండ్‌లో ఆ గీత ఉండదు, సున్నంతో గీయండి. కంటికి కనపడే హద్దు లేకుండా ‘ఇక్కడ ఆగు’ అని పిల్లకి ఎన్నిసార్లు చెప్పినా ఆగదు. గీత దాటిన పిల్ల వెనక్కి కాదు, పక్కకి జరగాలి.

ఇంతవరకూ చెప్పింది ఒక్క పిల్ల పని. ఇక్కడితో ఆపేస్తే మళ్లీ అదే 5-0. ఎందుకంటే బంతి ముందు నిలబడ్డ పిల్లకి బంతి తప్ప ఏమీ కనపడదు, కనపడకూడదు కూడా. లోపల కవర్ ఉందా లేదా అని ఆమె తల తిప్పి చూస్తే ఆ లోపే అయిపోయింది. మరి ఎటు తోలాలో ఎవరు నిర్ణయించాలి? వెనక ఉన్న పిల్ల. ఆమెకి మొత్తం కనపడుతుంది. ఆమె అరవాలి, ముందున్న పిల్ల వినాలి. మీ ఉత్తరంలో లెఫ్ట్ బ్యాక్ గురించి ఇన్ని మాటలు రాశారు, ఆమె వెనక ఎవరు ఆడుతున్నారో ఒక్క మాట లేదు. మీరు చూడాల్సింది ఆ రెండో పిల్లని. నా పందెం, ఆ నాలుగు గోల్స్ పడ్డప్పుడూ ఆమె నోరు మూసుకుని ఉంది.

అరుపుకి రెండే మాటలు పెట్టండి. ‘బయటికి’, ‘లోపలికి’. సికింద్రాబాద్ గ్రౌండ్లలో సగం తెలుగు, సగం హిందీ నడుస్తుంది కాబట్టి మీ పిల్లలు ‘బాహర్, అందర్’ అనుకున్నా ఫర్వాలేదు, కానీ అందరూ ఒకే మాట అనాలి. నేను ఒకసారి తెలివిగా సైడ్ లైన్‌కి ‘గీత’ అని పెట్టాను. టీమ్‌లో అదే పేరున్న పాప ఉంది. ‘గీత, గీత’ అని అరిచినప్పుడల్లా ఆ పాప ఆట ఆపి ‘ఏంటి?’ అని వెనక్కి తిరిగేది. ఒక గోల్ అలాగే పడింది.

పీఈటీ కాబట్టి మీరు కబడ్డీ కూడా నేర్పిస్తుంటారు. అక్కడ రెయిడర్ రాగానే మూలనున్న పిల్ల ఒంటరిగా ఎగబడితే ఏమంటారు? పాయింట్ ఇచ్చేశావ్ అంటారు. పక్కవాళ్ల చేయి పట్టుకుని, రెయిడర్‌ని లోతుకి రానిచ్చి, వెనక్కి వెళ్లే దారి మూశాకే పట్టమంటారు. అదే పిల్లలు, అదే స్కూలు. కబడ్డీలో తెలిసిన ఓపిక స్టిక్ చేతికి రాగానే ఎందుకు పోతుందో నాకు ఇప్పటికీ వింతే. ఒకరోజు కబడ్డీ ఆడించి వెంటనే స్టిక్‌లు ఇచ్చి చూడండి.

పెద్దవాళ్ల ఆటలో దీనికి మంచి ఉదాహరణ పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్, 2024 ఆగస్టు 4న గ్రేట్ బ్రిటన్ మీద. 17వ నిమిషంలో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు వచ్చింది. మిగతా 43 నిమిషాలూ మనవాళ్లు పది మందితోనే ఆడారు. అయినా 60 నిమిషాలకి స్కోరు 1-1, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అందరూ గోల్‌కీపర్ శ్రీజేష్ సేవ్‌లు చూస్తారు, చూడాల్సినవే. మీరు పిల్లలకి ఆ మ్యాచ్ చూపించేటప్పుడు మాత్రం బంతిని చూడొద్దనండి. బంతికి దగ్గరగా ఉన్న మన డిఫెండర్ వెనక ఇంకొకడు ఎక్కడ నిలబడ్డాడో ప్రతిసారీ వేలుతో చూపించమనండి. పది మందితో ఎగబడితే ఒక్కడు దాటినా వెనక ఎవరూ ఉండరు, కాబట్టి ఎగబడే వీలే లేదు. హాకీ ఇండియా లీగ్‌లో మన హైదరాబాద్ తూఫాన్స్ మ్యాచ్‌లు చూసేటప్పుడు కూడా ఇదే ఆట ఆడించవచ్చు. పిల్లలకి మొదట విసుగు, పది నిమిషాలయ్యాక పోటీ.

ప్రాక్టీస్ ఎలా పెట్టాలి అంటారా? మొదటి వారం స్టిక్‌లు ఇవ్వకండి. చెప్పులో, నీళ్ల సీసాలో పెట్టి పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల్లీ ఒకటి గీయండి. ఒక పిల్ల పరుగెత్తి అవతలి చివర దాటాలి, ఇంకో పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్లతోనే దారి మూసి ఆమెను పక్క గీత దాటించాలి. చేతులు కట్టేయగానే పాదాలకి బుద్ధి వస్తుంది. రెండో వారం స్టిక్ ఇవ్వండి, బంతి ఇవ్వండి, కానీ ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ట్యాకిల్ లేదు. మిగతా పిల్లలంతా బయట నిలబడి గట్టిగా లెక్కపెట్టాలి. ఐదు అయ్యేలోపు డిఫెండర్‌ని దాటితే ఫార్వర్డ్‌కి పాయింట్, దాటకపోతే డిఫెండర్‌కి. మూడో వారంలో గల్లీని వెడల్పు చేసి వెనక ఇంకో పిల్లని పెట్టండి. ఈ రెండో పిల్ల అరవకపోతే డిఫెన్స్ బంతి గెలిచినా పాయింట్ లేదు. ఈ ఒక్క నియమం మీద రాజీ పడకండి, నోరు లేని పిల్లలు కూడా వారంలో గొంతు చించుకుంటారు. నాలుగో వారానికి కావాలంటే ఇద్దరికి ఇద్దరు, అక్కడి నుంచి మీ ఇష్టం. రోజుకి పావుగంట చాలు, ఎక్కువైతే పిల్లలకి విసుగు.

పాయింట్ల సంగతి చెప్పాను గానీ అంతకంటే పెద్ద పాయింట్ల పట్టిక మీ చేతులు. నేను కోచింగ్ మొదలుపెట్టిన కొత్తలో బౌండరీ దగ్గర నిలబడి ‘తీసుకో, తీసుకో’ అని అరిచేవాణ్ని. మా లెఫ్ట్ బ్యాక్ కుర్రాడు నా మాట వినే ప్రతిసారీ ఎగబడేవాడు, మ్యాచ్ అయ్యాక నేనే వాణ్ని తిట్టేవాణ్ని. రెండేళ్లు అలా గడిచాక ఒకరోజు వాడే అన్నాడు, ‘సార్, తీసుకోమన్నది మీరే కదా’ అని. ఆ రోజు నుంచి ట్యాకిల్‌కి చప్పట్లు మానేశాను. బంతి పక్క గీత దాటినప్పుడు, ఫార్వర్డ్ విసిగిపోయి వెనక్కి పాస్ ఇచ్చుకున్నప్పుడు మాత్రం కొట్టేవాణ్ని. మీ అలవాటు కూడా ఒకసారి గమనించుకోండి. ఎవరైనా పిల్లని పక్కన కూర్చోబెట్టి, మేడమ్ దేనికి చప్పట్లు కొట్టారో రాయమనండి.

ఒక చిన్న విషయం మరిచిపోయేవాణ్ని. పాపకి షిన్ గార్డులు సరిగ్గా ఉన్నాయా? నోట్లో మౌత్ గార్డు? బంతి బరువు 160 గ్రాముల దాకా ఉంటుంది, టర్ఫ్ మీద వేగంగా వస్తుంది. దెబ్బ తగులుతుందనే భయం ఉన్న పిల్ల రెండు పనులు చేస్తుంది. కళ్లు మూసుకుని ఎగబడుతుంది, లేదా వెనక్కి వెనక్కి పోతుంది. మీరు చెప్పినవి సరిగ్గా ఆ రెండే. అందుకే అడుగుతున్నాను. వదులుగా జారే పాత గార్డులు ఉంటే అవి మార్చాకే పాదాల పాఠం.

వాళ్ల నాన్నగారితో ఫోన్‌లో మాట్లాడకండి, ఒక సాయంత్రం గ్రౌండ్‌కి పిలవండి. ఆయన చేతికి స్టిక్ ఇచ్చి గల్లీలో డిఫెండర్‌గా నిలబెట్టి, మీరు బంతితో వెళ్లండి. మీరు ఫార్వర్డ్ కదా, రెండుసార్లు దాటేయండి చాలు. మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఆయనే ఇంటికెళ్లి పిల్లతో వేరేలా మాట్లాడతారు. అయినా వినకుండా మానిపిస్తానంటే అది వాళ్ల ఇష్టం, మీ టీమ్ ఎంపిక మాత్రం బెదిరింపుల మీద నడవకూడదు.

ఫార్వర్డ్‌లో పెట్టమని ఆయన అన్న మాటలో ఒక మంచి ఉపయోగం ఉంది, దాన్ని వాడుకోండి. వారానికి ఒక్కరోజు, ప్రాక్టీస్‌లో మాత్రం, ఆ పాపని రైట్ అవుట్‌గా ఆడించండి. ఎదురుగా వేరే పిల్ల లెఫ్ట్ బ్యాక్. ఆట అయ్యాక ‘ఆమె ఏం చేసినప్పుడు నీకు చిరాకేసింది?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాయించండి. ‘ఊరికే నా ముందు నిలబడింది మేడమ్, స్టిక్ వేయట్లేదు, పోనివ్వట్లేదు’ అని ఎప్పుడో ఒకరోజు అంటుంది. ఆ రోజు ఆ పేజీ చించి ఆమె కిట్ బ్యాగ్‌లో పెట్టండి. మళ్లీ టర్ఫ్ మీద మ్యాచ్ పడినప్పుడు, ముందు రోజు పొద్దున ఒక గంటైనా అక్కడ పరుగెత్తించే ఏర్పాటు చూసుకోండి.